ఆసుపత్రిలోని గాలి

కుప్పము సమీపమున నున్న శాంతిపురము ప్రాంతములో మల్బరీ తోటలు విరివిగా కలవు. ఆ ఆకుతో పట్టుపురుగులను పెంచు రైతు తన షెడ్డులోనికి ఎవరిని పడిన వారిని రానీయడు. పురుగులు తెచ్చుటకు ముందే గోడలను, తట్టలను బ్లీచింగు పొడి కలిపిన నీటితో కడుగును. గడప దగ్గర మందునీటిలో పాదములు తడిపి, చేతులు కడుగుకొనినగాని లోపల అడుగు పెట్టడు. ఒక పురుగు ఉబ్బి, పాలవంటి ద్రవము కార్చుచు కనబడిన వెంటనే దానిని ఏరి పారవేయును. షెడ్డునకు ఎదురెదురుగా కిటికీలు పెట్టించును. ఊజీ ఈగ రాకుండ వాటికి వల కట్టును. కాని గాలిని మాత్రము ఆపడు. గాలి ఆడని షెడ్డులో పంట దక్కదని అతనికి తెలియును.

అదే రైతు మూడు వారములుగా దగ్గుచున్న తండ్రిని ఆసుపత్రికి తీసికొనిపోయెననుకొందము. చీటీ వ్రాయించుకొని ఇద్దరును ఒక గదిలో కూర్చుందురు. అక్కడ నలువది మంది ఉందురు: చంటిబిడ్డకు టీకా వేయించ వచ్చిన తల్లి, చక్కెర వ్యాధికి మందు కొరకు వచ్చిన ముసలివాడు, నెలలు నిండిన గర్భిణి. చలి యనియో, దుమ్ము యనియో కిటికీలు మూసి యుండును. తండ్రికి ఉన్నది క్షయ అయినచో ఆ సంగతి ఇంకను ఎవరికిని తెలియదు. పట్టుపురుగుల విషయమున అంత జాగ్రత్తపడు మనుష్యుడు ఇక్కడ ఏ జాగ్రత్తయు పడడు. పడవలెనని అతనికి చెప్పినవారును లేరు.

ఈ రెండు గదులకు గల సంబంధము కేవలము పోలిక కాదు, చరిత్రలోనే కలదు. 1865లో ఫ్రాన్సు దేశపు దక్షిణ జిల్లాలలో పెబ్రీను అను రోగమువలన పట్టు పరిశ్రమ నాశనమగుచుండగా లూయీ పాశ్చరు అచ్చటికి పోయి అయిదేండ్లు పరిశోధించెను. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూచి, అందు రోగకణములు కనబడినచో ఆ గుడ్లను తగులబెట్టవలెనని ఆయన చెప్పెను. పట్టుగుడ్ల ఉత్పత్తి కేంద్రములలో నేటికిని చేయు పరీక్షకు మూలమిదియే. రోగము ఒక జీవినుండి మరియొక జీవికి సూక్ష్మజీవుల ద్వారా సంక్రమించునను భావము బలపడుటకు ఈ పురుగులు తోడ్పడినవి. అనంతరము 1882 మార్చి 24న జర్మనీలో రాబర్టు కాక్ క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించెను.

ఆసుపత్రులలో రోగములు వ్యాపించు మార్గములు అనేకము. చేతులు అందులో మొదటివి. 1847లో వియన్నా ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్వైసు అను వైద్యుడు క్లోరిను కలిసిన సున్నపు నీటితో చేతులు కడుగుకొను నియమము పెట్టగానే, ఏప్రిలులో నూటికి 18గా నున్న బాలింతల మరణములు జూనులో నూటికి 2కు తగ్గినవి. సూదులు, సరిగా ఉడికించని పనిముట్లు, రక్తము మరికొన్ని మార్గములు. వీటినన్నిటిని కంటితో చూడవచ్చును, చేతితో పట్టవచ్చును. కావున అదుపు చేయుటయు కొంత సులభమే. గాలి అట్టిది కాదు.

ఈ సంగతికి సంబంధించిన ఒక పాత పాఠము శాంతిపురమునుండి పలమనేరు, పుంగనూరుల మీదుగా పోవు బాట చివరనే ఉన్నది. సముద్రమట్టమునకు సుమారు 2,300 అడుగుల ఎత్తున నున్న మదనపల్లె చల్లని ఊరు. కొన్ని క్రైస్తవ మిషనులు ఏకమై ఆ ఊరి సమీపమున ఆరోగ్యవరము అను చోట క్షయరోగులకు శానిటోరియము నిర్మించినవి. అది 1915లో అక్కడ ప్రారంభమయ్యెను. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలరు దాని తొలి అధిపతి. తరువాత ఆయన కుమారుడు యోహానెస్ కూడ అచ్చటనే పనిచేసి క్షయ పరిశోధనలో పేరు పొందెను.

అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిను 1943లోగాని దొరకలేదు. ఐసోనయాజిడు 1952లో వాడుకలోనికి వచ్చెను. కావున ఆనాటి శానిటోరియములలో చికిత్స యనగా విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, శుభ్రమైన గాలి. వార్డులకు పెద్ద కిటికీలు, వెడల్పు వరండాలు ఉండెడివి. రోగి కఫమును మూతగల పాత్రలో పట్టి కాల్చివేసెడివారు. మంచి గాలి ఊపిరితిత్తులను బాగుచేయునని వైద్యులు నమ్మిరి. ఆ నమ్మకములో సత్యము కొంచెమే. గాలివలన రోగి ఎంత కోలుకొనెనో చెప్పుట కష్టము. కాని అతని మంచము దగ్గర రోజంతయు నిలిచి సేవ చేసిన దాదికి ఆ తెరచిన కిటికీ మేలు చేసియే యుండవలెను. ఎవరి కొరకో పెట్టిన కిటికీ మరియొకరిని కాపాడెనన్నమాట.

ఎందువలనననగా, దగ్గినపుడు వెలువడు తుంపరలలో పెద్దవి కొంతదూరములోనే నేల రాలును. మిక్కిలి చిన్నవి రాలకమునుపే ఆరిపోయి, మిల్లీమీటరులో వేయింట ఒకటి నుండి అయిదు వంతుల పరిమాణము గల కణములై గంటల తరబడి గాలిలో తేలుచుండును. అవి ముక్కులోను గొంతులోను చిక్కుకొనక ఊపిరితిత్తుల లోతట్టునకు పోగలవు. వెల్సు అను అమెరికను శాస్త్రజ్ఞుడు 1934లో ఈ విషయమును వివరించెను. చాలమంది వెంటనే నమ్మలేదు. క్షయ పాత్రలవలన, దుప్పట్లవలన, నేలమీది ఉమ్మివలన వచ్చునని భావించుచుండిరి.

వెల్సు శిష్యుడు రిచర్డు రైలీ బాల్టిమోరు నగరములో 1956 మొదలుకొని చేసిన ప్రయోగము ఆ సందేహమును తీర్చెను. ఆరు గదులు గల క్షయ వార్డులోని గాలిని గొట్టముల ద్వారా పైకి పంపి, అచ్చట పెట్టిన సుమారు 150 గినీపందులు పీల్చునట్లు ఏర్పాటు చేసిరి. రోగిని అవి చూడలేదు, తాకలేదు. గాలిని మాత్రమే పంచుకొన్నవి. అయినను నెల నెలకు వాటిలో కొన్నింటికి క్షయ సోకెను. అదే గాలిని అతినీలలోహిత కిరణముల గుండ పంపి మరియొక గుంపునకు ఇచ్చినపుడు ఒక్క జంతువునకును సోకలేదు. మరి రెండు విశేషములు బయటపడినవి. రోగులందరును సమానముగా రోగము వెదజల్లలేదు. కొలదిమందివలననే ఎక్కువ జంతువులు జబ్బుపడినవి. సరియైన మందు తినుచున్నవారివలన సోకుట మిక్కిలి అరుదు.

ఈ రెండవ విశేషమును మనుష్యుల మధ్య చూపినది మదరాసు. 1956లో అచ్చట నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు 193 మంది రోగులను రెండు భాగములు చేసి, కొందరిని శానిటోరియములో ఉంచి, కొందరికి ఇరుకు ఇండ్లలోనే మందులిచ్చిరి. ఫలితములు 1959లో వెలువడినవి. ఇంట నున్నవారు ఇంచుమించు అంత చక్కగానే కోలుకొనిరి. తరువాత కొన్నియేండ్లు గమనించినను, వారి కుటుంబములలోనివారికి శానిటోరియము రోగుల కుటుంబములలోకంటె ఎక్కువగా క్షయ రాలేదు. మందు మొదలుపెట్టుటకు ముందే సోకవలసినంత సోకినదనియు, మొదలుపెట్టిన పిమ్మట అపాయము త్వరగా తగ్గుననియు దీనివలన తెలిసెను. శానిటోరియముల యుగము ఆ పరిశోధనతో ముగిసినది.

ఆసుపత్రికి ఇందులోని పాఠము కొంత విచిత్రమైనది. క్షయ అని తెలిసి మందు తినుచు పడకపై నున్న రోగి అంత భయంకరుడు కాడు. జనులు భయపడునది అతనిని. దూరముగా కూర్చుండునది అతని దగ్గరనుండియే. నిజమైన ప్రమాదము ఇంకను తేలని రోగినుండి, అనగా చీటీ పట్టుకొని వరుసలో నిలిచిన ఆ తండ్రినుండి వచ్చును. మందునకు లొంగని క్షయ గలవాడు తగని మందు తినుచున్నను అంతే. కావున మొదట చేయవలసినది గుర్తించుట. చీటీ వ్రాయు బల్ల దగ్గరనే “రెండు వారములకు మించి దగ్గు ఉన్నదా?” అని అడిగి, ఉన్నచో మాస్కు ఇచ్చి, ఆరుబయట నీడలో కూర్చుండబెట్టి, ముందుగా డాక్టరు దగ్గరకు పంపుట. ఇందుకు కావలసినది ఒక బల్ల, ఒక మనిషి. సీబీనాట్ వంటి నేటి పరీక్షలు క్షయక్రిమిని, రిఫాంపిసినుకు అది లొంగునో లేదో సుమారు రెండు గంటలలో తెలుపుచున్నవి.

టీకా ఉన్నది గదా యని అడుగవచ్చును. మన దేశములో 1948లో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టిన చోటు మదనపల్లెయే. ఆ టీకా పసిబిడ్డలను మెదడుపొరల క్షయనుండి చక్కగా కాపాడును. కాని 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన పెద్ద పరీక్షలో, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలెను. కావున వార్డులో పనిచేయు నర్సు ఎప్పుడో బాల్యములో పొందిన టీకాపై ఆధారపడుటకు వీలులేదు.

ఇక గాలి లెక్క. గదిలో పట్టునంత గాలి ఒక గంటలో ఎన్నిమారులు క్రొత్తగా వచ్చునో ఆ సంఖ్యను గాలి మార్పు అందురు. ఒక మార్పు జరిగినంతమాత్రాన పాత గాలి అంతయు పోదు. రంగునీళ్ల బక్కెటలోనికి కుళాయి విప్పినచో, బక్కెటెడు నీరు పడినను రంగు పూర్తిగా పోదు. క్రొత్త నీరు పాతదానిలో కలియుచు పొర్లుటచేత నూటికి 37 పాళ్లు మిగులును. గాలియు అంతే. గంటకు 2 మార్పులున్న గదిలో నూటికి 99 పాళ్లు కణములు పోవుటకు 138 నిమిషములు పట్టును. 6 మార్పులున్నచో 46 నిమిషములు, 12 ఉన్నచో 23 నిమిషములు. తట్టు వచ్చిన బిడ్డ గది విడిచిపోయిన తరువాత రెండు గంటలవరకు ఆ గాలి ఇతరులకు తట్టు సోకించగలదు.

అయిదు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తు గల గదిలో పట్టునది 60 ఘనమీటర్ల గాలి. ఎదురెదురుగా ఒక్కొక్క చదరపు మీటరు కిటికీలు రెండు తెరచి, సెకనుకు అర మీటరు మాత్రము గాలి వీచుచున్నదనుకొందము. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుక సూత్రము ప్రకారము 0.65ను గాలి వేగముతోను, కిటికీ వైశాల్యముతోను, 3,600తోను గుణించి 60తో భాగింపగా గంటకు 19.5 మార్పులు వచ్చును. ఆకు కదలీ కదలనంత గాలికే ఇంత. ఒక కిటికీ మూసినచో ఈ సూత్రమే పనికిరాదు. గాలికి దారి ఉండదు.

పెరూ రాజధాని లీమాలోని ఆసుపత్రులలో కొలిచి 2007లో ప్రకటించిన ఫలితములు ఈ లెక్కకు తోడగుచున్నవి. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు గల పాతకాలపు గదులలో గంటకు 40 మార్పులు, క్రొత్త గదులలో 17 మాత్రమే. నేడు చిన్న పట్టణములలో చాల వైద్యశాలలు అద్దె గదులలో, గోడకు చల్లదనపు యంత్రము బిగించి నడచుచున్నవి. ఆ యంత్రము సాధారణముగా బయటి గాలిని తేదు. లోని గాలినే చల్లార్చి మరల వదలును. చల్లగా నున్నది గనుక శుభ్రముగా నున్నదని రోగులు సంతోషింతురు!

మాస్కులలో ఎవరికేది యను విషయము తరచు తారుమారగును. సాధారణ మాస్కు రోగికి. అది తుంపరలను వెలువడునపుడే ఆపును. దక్షిణాఫ్రికాలో 2012లో ప్రకటించిన ప్రయోగములో, రోగులు మాస్కు ధరించని దినముల గాలిని పీల్చిన 90 గినీపందులలో 69కి, ధరించిన దినముల గాలిని పీల్చిన 90లో 36కి క్షయ సోకెను. సేవచేయువారికి కావలసినది ఎన్ 95 రకము. అది ముఖమునకు అతుకుకొని యుండవలెను. ప్రక్కలలో సందున్నచో గాలి ఆ సందులోనుండియే పోవును.

పై సంగతులలో ఒకదానిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఒక అగరువత్తి వెలిగించి తరగతి నడుమ నిలిచి, పొగ ఏ దిక్కునకు సాగుచున్నదో చూడవలెను. ఒక కిటికీ మూసి, మరల తెరచి, పంకా వేసి, ఆపి చూచినచో ప్రతిసారియు పొగ దారి మారును. ఆసుపత్రులలో గాలి దిక్కు తెలిసికొనుటకు వాడునదియు ఇదియే. పొగ రోగి కుర్చీనుండి డాక్టరు కుర్చీవైపు సాగుచున్నచో రెండు కుర్చీలను తారుమారు చేయుదురు: డాక్టరు వీపునకు కిటికీ, రోగి వీపునకు తలుపు.