ఆ బిళ్ల బీరువాలో దాచకండి

“మార్ఫిన్ మొదలుపెట్టారట. ఇంకేముంది, రెండు రోజులు.” సంగం జాగర్లమూడిలోనైనా, తెనాలి చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా, క్యాన్సర్‌తో మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు అనే మాట ఇది. మాటతో పోతే బాధ లేదు. గుంటూరులో డాక్టరు రాసిచ్చిన బిళ్లలు బీరువాలోకి వెళ్లిపోతున్నాయి. రాత్రంతా మనిషి మూలుగుతుంటే పక్కన కూర్చుని ఏడుస్తారు, బిళ్ల మాత్రం వెయ్యరు. చేతులారా చంపామన్న పాపం చుట్టుకుంటుందని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని పుట్టించిన పుకారునే క్షమించలేను.

కాకి వాలింది, తాటిపండు రాలింది. నిందంతా కాకి మీదే. మన దగ్గర మార్ఫిన్ ఇంటికొచ్చేసరికి జబ్బు చేయాల్సిందంతా చేసేసి ఉంటుంది. నెలల ముందే మొదలుపెట్టి, నొప్పి తగ్గి, కంటినిండా నిద్రపోయి, వీధి చివరిదాకా నడిచొస్తున్నవాళ్ల గురించి అరుగు మీద ఎవరూ చెప్పుకోరు.

మామూలుగా 5 మిల్లీగ్రాములు, బాగా వయసు మళ్లినవాళ్లకైతే 2.5, నాలుగు గంటలకోసారి నోటిద్వారా మొదలుపెడతారు. చాలిందో లేదో చూసి పెంచుతారు. ఆ చూడటమే ఇంటికొచ్చే నర్సు పని. నిమిషానికి ఎన్ని ఊపిర్లు, పిలిస్తే పలుకుతున్నారా, కదిలిస్తే ముఖం ఎలా మారుతోంది. మందు ఎక్కువై శ్వాస మందగించే ముందు మత్తు ముంచుకొస్తుంది. లేపినా లేవనంత నిద్ర కనిపిస్తే తర్వాతి బిళ్ల ఆపి నర్సుకు ఫోన్ చేయండి. మొదటి రెండు మూడు రోజుల మగత వేరు, అది సర్దుకుంటుంది. మలబద్ధకం సర్దుకోదు, దానికి మందు మొదటి రోజునుంచే వేయాలి.

1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో పార్లమెంటు సవరించింది ఈ మందు నొప్పితో ఉన్నవాళ్లకు సులువుగా అందాలనే. చట్టం దారిచ్చాక మన బీరువా అడ్డుపడుతోంది.

“నొప్పి ఉంటే చెప్తారుగా” అంటారు. చెప్పరు. పిల్లలు కంగారుపడతారని దాస్తారు, చివరికి చెప్పే శక్తే పోతుంది. కెనడాలోని ఎడ్మంటన్‌లో 1991లో వచ్చిన కొలమానం తొమ్మిది బాధల్ని సున్నా నుంచి పది దాకా అడుగుతుంది. మన ముసలమ్మకు అంకెలు పట్టకపోతే “రూపాయికి ఎన్నణాల నొప్పమ్మా?” అనండి. మాట పడిపోయినవాళ్ల దగ్గర నుదుటి ముడతలు చూడాలి, బిగిసిన పిడికిలి చూడాలి, దుప్పటి మార్చేటప్పుడు వచ్చే మూలుగు వినాలి. ఊరికే కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే గాలి సోకిందని విబూది పెట్టేముందు పొత్తికడుపు మీద చెయ్యి పెట్టండి. మూత్రం బిగిసి ఉండొచ్చు. గొట్టం వేస్తే పది నిమిషాల్లో నెమ్మదించినవాళ్లున్నారు.

చివరి రోజుల్లో గొంతులో గురగుర ఊపిరాడక వచ్చేది కాదు, మింగలేని ఉమ్మి చప్పుడు; పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తులసి తీర్థం గొంతులో పోయొద్దు, దూదితో పెదాలు తడపండి. సెలైన్ ఆకలి తీర్చదు, ఆ దశలో ఆయాసం పెంచొచ్చు. వినపడదనుకుని మంచం పక్కనే పెద్దకర్మ ఖర్చులు మాట్లాడుకోకండి.

ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అనే మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. అందరికీ జరగదు, ఎందుకు జరుగుతుందో వైద్యం తేల్చలేదు. అయినా రెండు రోజులుగా కన్ను తెరవని మనిషి లేచి కాఫీ అడగటం, మనవడిని పేరుపెట్టి పిలవటం మంచాల దగ్గర పనిచేసే నర్సులు చూసిందే. తేరుకున్నారని మందులు మానేసి, ఆ పూటను అంబులెన్సులో ఖర్చు చేయకండి. తల ఎత్తిపెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా కాఫీ పట్టండి.

ఒళ్లు తుడవాలన్నా, చాప మీదికి దించాలన్నా ముప్పావుగంట ముందు బిళ్ల పడేలా నర్సుతో మాట్లాడి వేళలు సర్దుకోండి. వేసిన టైము, గంట తర్వాత ముఖం ఎలా ఉందో గోడ మీద క్యాలెండర్‌లోనే రాయండి. నర్సు రాగానే అడిగేది అదే.