లోయర్ పరేల్‌లో పెరిగిన ఆదాయం ఎవరిది?

ముంబైలో లోయర్ పరేల్ ఇప్పుడు డబ్బున్నోళ్ల పేట. ఫీనిక్స్ మిల్లు మాల్ అయ్యింది. జూపిటర్ మిల్లు జాగాలో ఆఫీసులు వచ్చినయి. శ్రీనివాస్ మిల్లు జాగాలో మెడ ఎత్తి చూడాల్సిన టవర్లు లేచినయి. "ఆ ఏరియా బాగుపడ్డది, అక్కడి జనం ఆదాయం పెరిగింది" అని మన పిల్లలే అంటుంటారు. నేను 1978లో ఆ పేటలోని ఒక మిల్లులో బదిలీ కార్మికునిగా చేరినోణ్ణి. నాకు తెలిసిన సంగతి వేరే. అక్కడ పాతోళ్ల ఆదాయం పెరగలేదు, మనుషులే మారినారు.

లెక్క చిన్నదే. ఒక చోట పది ఇండ్లున్నయి, ఇంటికి నెలకు 15 వేలు వస్తది అనుకోండి. అయిదు ఇండ్లోళ్లు వెళ్లిపోయి, ఆ జాగాలోకి నెలకు 3 లక్షలు వచ్చేటోళ్లు వస్తే సగటు లక్షన్నర దాటుతుంది. మిగిలిన అయిదు ఇండ్లల్లో మాత్రం ఒక్క రూపాయి పెరగదు. కూరగాయల ధర, బడి ఫీజు మాత్రం అందరికీ పెరుగుతాయి.

ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపినాం. చాలా మందికి మళ్లీ మిల్లు గేటు తెరుచుకోలేదు. మేము కొందరం భివండి పోయి సాంచాలు నడుపుకున్నాం. 1991 నిబంధన ప్రకారం, మిల్లు జాగాను మార్చి కట్టుకుంటే మూడు వాటాలు చేయాలి: ఒకటి తోటలకు, ఒకటి పేదల ఇండ్లకు, ఒకటి యజమానికి. 2001లో దాన్ని మార్చి, ఖాళీగా ఉన్న జాగాకే ఆ వాటాలు వర్తిస్తాయన్నారు. దాంతో మన వంతు బాగా తగ్గింది. సుప్రీంకోర్టు 2006లో ఆ మార్పు చెల్లుతుందన్నది. అంతకు ముందే, 2005లో, ముంబై టెక్స్‌టైల్ మిల్లు జాగా 702 కోట్లకు పోయింది.

మరి జనం ఎటు పోయినారు? జనాభా లెక్కలు చూడండి. 2001 నుండి 2011 లోపల ముంబై నగర జిల్లా జనం 33 లక్షల 38 వేల నుండి 30 లక్షల 85 వేలకు తగ్గింది. అదే పదేండ్లలో థానే జిల్లా 81 లక్షల నుండి కోటీ 10 లక్షలకు పెరిగింది. భివండి, కళ్యాణ్, విరార్ అన్నీ అప్పుడు ఆ జిల్లాలోనివే. మన తెలుగోళ్లు ఎందరో ఆ బాటనే పోయినారు. ఒక్క ఖోలీలో పదిమంది పండుకున్న పేటలో ఇప్పుడు పెద్ద ఫ్లాటులో ముగ్గురుంటారు.

మిల్లు కార్మికులకు ఇండ్లు అసలే రాలేదని కాదు. 2012 లాటరీలో 6,925, 2020లో 3,894 ఇండ్లు ఇచ్చినారు. అడిగినోళ్లు లక్షకు పైనే. వర్లీ బీడీడీ చాళ్లలో 160 అడుగుల ఖోలీకి బదులు 500 అడుగుల ఇల్లు ఇస్తున్నారు. ఇది మంచిదే. కానీ టవర్లో లిఫ్టు ఖర్చు, మెయింటెనెన్సు ముందు ముందు నెలనెలా కట్టాల్సి రావచ్చు. ఇంట్లో నికరమైన జీతం లేకుంటే ఆ ఇల్లు అమ్మక తప్పని రోజు వస్తది. అప్పుడు పేట సగటు ఇంకాస్త పెరుగుతుంది, మనోళ్లు ఇంకొకరు తగ్గుతారు.

అందుకని తాళంచెవి చేతికి రాకముందే ఇంటిల్లిపాదీ కూర్చొని నెల ఖర్చు లెక్క వేసుకోండి. ఆ ఖర్చు ఎవరి సంపాదన మీద నడుస్తదో ముందే తేల్చుకోండి.