కవాట మార్పిడి రోగులకు ఆస్పిరిన్: ఎవరికి చాలును, ఎవరికి చాలదు

పుట్టుకతో వచ్చిన గుండె లోపాల కారణంగా కవాటం మార్పిడి చేయించుకున్న వారందరికీ ఆస్పిరిన్ ఒకే విధంగా పనిచేయదు. అమర్చినది జంతు కణజాల కవాటమా, యాంత్రిక కవాటమా అన్నదే ఇందులో ప్రధానాంశం.

ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా నిరోధిస్తుంది. ఫాలో టెట్రాలజీ లోపాన్ని బాల్యంలో సరిచేయించుకున్న వారిలో పలువురికి యుక్తవయస్సులో పుపుస కవాటం మార్చవలసి వస్తుంది. వీరికి సాధారణంగా కణజాల కవాటమే అమర్చి, రోజుకు 75 నుంచి 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తారు. ఈ వాడకానికి ఆధారం చాలావరకు వైద్యుల అనుభవమే.

యాంత్రిక కవాటం విషయం వేరు. దానిపై రక్తం గడ్డకట్టడంలో గడ్డకట్టు కారకాల పాత్ర అధికం. కాబట్టి వార్ఫరిన్ లేదా ఎసినోకౌమరాల్ జీవితాంతం వాడుతూ, ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష క్రమం తప్పక చేయించుకోవాలి. వార్ఫరిన్‌కు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ జోడించినపుడు మరణాలు, రక్తపుగడ్డల ముప్పు తగ్గినట్లు, రక్తస్రావం మాత్రం పెరిగినట్లు 1993లో వెలువడిన అధ్యయనం తెలిపింది. పరీక్షల బెడద లేని డాబిగాట్రాన్‌ను యాంత్రిక కవాట రోగులపై ప్రయోగించగా పక్షవాతం, రక్తస్రావం అధికమై 2012లో ఆ పరీక్షను నిలిపివేశారు.

పత్రికలు ఈ మందులన్నిటినీ ‘రక్తాన్ని పలుచన చేసే మందులు’ అని వ్రాయడం పరిపాటి. నిజానికి ఏదీ రక్తాన్ని పలుచన చేయదు. ఆ మాట నమ్మి, రక్తపరీక్షకు దూరం వెళ్ళలేని రోగి వార్ఫరిన్ మాని ఆస్పిరిన్‌తో సరిపెట్టుకుంటే కవాటం బిగుసుకుపోయే ప్రమాదమున్నది.

ఆస్పిరిన్ వాడే పిల్లలకు ఫ్లూ లేదా ఆటలమ్మ సోకితే వెంటనే వైద్యునికి తెలపాలి.