ఫోనులో పుట్టిన అప్పు, ఇంటిలో దూరిన భయము

మాకు తెలిసిన ఒక గ్రామ సంఘములో జరిగిన సంగతి ఇది. ఇతర కుటుంబాలకు మేలు కలుగుతుందంటే వ్రాయమని ఆ ఇంటివారే చెప్పారు. ఊరి పేరు, వారి పేర్లు మాత్రం వ్రాయడం లేదు.

ఆ ఇంటి పెద్ద కుమారుడు పట్టణంలో డిగ్రీ చదువుతున్నాడు. తండ్రి కౌలు రైతు. ఆ ఏడు మిరప దెబ్బతిన్నది. పరీక్ష ఫీజుకు గడువు దగ్గరపడింది. తండ్రిని అడగటానికి మనసొప్పక, ఆ అబ్బాయి ఫోనులో కనిపించిన ఒక యాప్‌లో అయిదు వేల రూపాయలు అప్పు అడిగాడు. ఆధార్ నంబరు, పాన్ కార్డు, ఒక ఫొటో ఇచ్చాడు. అడిగినచోటల్లా "అనుమతిస్తున్నాను" అని నొక్కాడు. పది నిమిషాల్లో డబ్బు పడింది. అయితే పడింది 3,000 రూపాయలే. మిగిలిన 2,000 ఖర్చుల క్రింద ముందే కోసుకున్నారు. ఏడు రోజుల్లో కట్టవలసింది మాత్రం 5,000.

మన ఊళ్లలో నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీ అంటేనే అన్యాయమంటాము. ఇక్కడ నూటికి వారానికి 66 రూపాయలకు పైగా పడింది. కాగితం మీద లెక్క వేసుకుంటే ఎవరైనా వెనుకకు తగ్గేవారే. కాని ఫోనులో లెక్క కనబడదు, బొత్తాము మాత్రమే కనబడుతుంది.

ఆరవ రోజే బెదిరింపులు మొదలయ్యాయి. ఆ అప్పు తీర్చటానికి ఇంకొక యాప్, దానిని తీర్చటానికి మరొకటి. రెండు నెలలు తిరిగేసరికి ఆరు యాప్‌లయ్యాయి. నలభై వేలు కట్టినా బాకీ మిగిలే ఉంది. చివరికి అతని ఫోనులో ఉన్న చెల్లెలి ఫొటోను తీసి, అసహ్యంగా మార్చి, బంధువులకు, స్నేహితులకు, సంఘకాపరి గారికి కూడా పంపారు. ఆ రాత్రి అతడు అన్నం ముట్టలేదు. చావు తప్ప దారి లేదనుకున్నానని తరువాత మాతో చెప్పాడు.

పాస్టరుగారు తెల్లవారే వరకు ఆగలేదు. రాత్రి పదిగంటలకు సైకిలు మోటారు వేసుకొని ఆ ఇంటికి వెళ్ళారు. "నాయనా, నాకూ వచ్చింది ఆ ఫొటో. అది అబద్ధమని చూడగానే తెలిసింది. ముందు లేచి అన్నం తిను. మిగతాది రేపు కూర్చొని చూద్దాం" అన్నారు. ఆ మాటతోనే తన కుమారుడు బ్రతికాడని ఆ తల్లి ఈనాటికీ చెబుతుంది.

పాత బాధకు కొత్త రూపము

అప్పులవాళ్ళ వేధింపు మన ప్రాంతానికి కొత్త కాదు. 2010లో సూక్ష్మ ఋణ సంస్థల వసూళ్ళు ఎంత దూరం వెళ్ళాయో మన తల్లులకు జ్ఞాపకమే. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారము బయటపడింది. ఆ రోజుల్లో వసూలుకు వచ్చినవాడు వాకిట్లో కూర్చునేవాడు. ఎవరో మనకు తెలిసేది, నలుగురు పెద్దలు అడ్డుపడేవారు. ఇప్పటివాడికి ముఖము లేదు. వాడు మన జేబులోనే కూర్చుంటాడు.

2020లో కరోనా వచ్చి పనులు పోయినప్పుడు ఈ యాప్‌లు విరివిగా వ్యాపించాయి. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఈ యాప్‌ల కాల్‌సెంటర్లపై దాడులు చేసి అరెస్టులు చేశారు. పట్టుబడినవారిలో చైనా దేశస్థులు కూడా ఉన్నారు. రిజర్వు బ్యాంకు నియమించిన బృందము 2021 ఆరంభంలో పరిశీలించగా, మన దేశంలో దొరుకుతున్న సుమారు 1,100 అప్పు యాప్‌లలో 600 వరకు చట్టవిరుద్ధమైనవని తేలింది. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇద్దరు చిన్న బిడ్డలున్న దంపతులు ఈ వేధింపు తాళలేక ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్త విని మన ఇళ్ళలో ఎందరో కన్నీరు పెట్టుకున్నారు.

చట్టము ఏమి చెబుతున్నది?

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఫోను అప్పులకు నియమాలు పెట్టింది. 2025లో వాటిని మరల సవరించింది. వాటి ప్రకారం బ్యాంకు గాని, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఆర్థిక సంస్థ గాని మాత్రమే ఇట్టి అప్పు ఇవ్వవచ్చును. వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి ఎంత పడుతుందో ముందే ఒక పత్రములో చూపాలి. మన ఫోనులోని నంబర్ల జాబితాను, ఫొటోలను యాప్ ముట్టరాదు. వసూలుకు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదు. సక్రమమైన యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 నుండి తన వెబ్‌సైటులో ఉంచుతున్నది. అప్పు తీసుకునే ముందు చదువుకున్న బిడ్డల చేత ఆ జాబితా చూపించుకొనండి.

"పోలీసులు వస్తున్నారు, నిన్ను జైలులో పెడతారు" అనేది వారి పెద్ద ఆయుధము. బాకీ కట్టలేకపోయినంత మాత్రాన జైలు ఉండదు. బెదిరించి డబ్బు గుంజటము, అసభ్య ఫొటోలు పంపటము మాత్రం నేరాలు. భయపడవలసింది వారే గాని మీరు కాదు.

ఆ కుటుంబము ఏమి చేసింది?

మరునాడు పాస్టరుగారు, సంఘ పెద్ద ఒకరు, తండ్రీ కొడుకులు కలిసి కూర్చున్నారు. ముందుగా బెదిరింపు మెసేజీలు, పిలిచిన నంబర్లు, డబ్బు కట్టిన రసీదులు అన్నిటికీ ఫోనులో స్క్రీన్‌షాట్లు తీసి ఉంచారు. యాప్‌ను తీసివేయటం ఆ తరువాతనే. తొందరపడి ముందే తీసివేస్తే సాక్ష్యము పోతుంది.

తరువాత 1930 నంబరుకు ఫోను చేసి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించారు. ఆ కాగితముతో పోలీసు స్టేషనుకు వెళ్ళారు. చెల్లెలి ఫొటో సంగతి చెప్పటానికి తండ్రి సంకోచించాడు. తల్లే ముందుకు వచ్చి, "తప్పు చేసింది మా అమ్మాయి కాదు గదా" అన్నది.

తెలిసినవారందరికీ ఒకే మాట పంపారు: మా ఫోను సమాచారము దొంగిలించారు, మీకు వచ్చేది అబద్ధము, ఎవరూ డబ్బు పంపకండి, జవాబు ఇవ్వకండి. ఆ ఒక్క మెసేజీతో వారి బెదిరింపులో సగము బలము పోయింది. పరువు తీస్తామన్నదే వారి పెట్టుబడి. నిజము మనమే ముందుగా చెప్పివేస్తే వారి చేతిలో మిగిలేది ఏమీ లేదు.

ఆ తరువాత ఒక్క పైసా కట్టలేదు. ఇంతకు ముందు కట్టిన ప్రతిసారీ వారి ఆశ పెరిగిందే గాని వేధింపు తగ్గలేదు. మూడు వారాలు ఫోనులు వచ్చాయి. క్రమంగా ఆగిపోయాయి. పోయిన నలభై వేలు తిరిగి రాలేదు. ఆ బాధ ఇంకా ఉన్నది. కాని అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ మరల చదువుకుంటున్నారు.

ఇక్కడ ఒక మాట. సక్రమమైన బ్యాంకు వద్ద, సంస్థ వద్ద తీసుకున్న అప్పు న్యాయంగా తీర్చవలసినదే. కష్టము వస్తే దాగుకొనక వెళ్ళి గడువు అడగాలి. మేము చెబుతున్నది దొంగ అప్పుల సంగతి.

సంఘము చేయగలిగినది

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములోని విధవరాలి సంగతి మనకు తెలుసు. అప్పులవాడు ఆమె కుమారులను తీసుకుపోవటానికి వచ్చాడు. ఆమె సిగ్గుపడి తలుపు వేసుకొనక ఎలీషా వద్దకు వెళ్ళి చెప్పుకున్నది. ఇరుగుపొరుగువారు పాత్రలు ఇచ్చారు. మన సంఘములో ఒక బిడ్డ అప్పులో పడితే పాత్రలు ఇచ్చేవారముగా ఉన్నామా, గుసగుసలాడేవారముగా ఉన్నామా? ఆ అబ్బాయి మొదటి 3,000 రూపాయలు అడగటానికి మనలో ఎవరి గుమ్మమైనా తెరిచి ఉంటే ఆ యాప్ ముట్టేవాడు కాదు.

కాబట్టి స్త్రీల సమాజములో నెలకు కొంత చొప్పున వేసుకొని, చదువు ఫీజుకు, ఆసుపత్రి ఖర్చుకు ఆదుకునే చిన్న నిధి పెట్టుకొనవచ్చును. పొదుపు సంఘము అప్పు, బ్యాంకులో బంగారము మీద అప్పు వంటి దారులు ముందుగా చూడండి. ఎవరైనా మౌనంగా, నిద్ర లేకుండా, ఫోను మ్రోగితే ఉలిక్కిపడుతూ కనిపిస్తే దగ్గర కూర్చొని అడగండి. చావు ఆలోచన మాటల్లో కనబడితే ఒంటరిగా విడువకండి. 14416 నంబరుకు ఏ సమయములోనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

తల్లిదండ్రులారా, ఈ వారములో ఒక సాయంత్రము భోజనాల దగ్గర మీ బిడ్డలతో ఈ సంగతి మాట్లాడండి. "ఎంత అప్పయినా, ఏ తప్పయినా ముందు మాతో చెప్పు, తిట్టము" అని చెప్పండి. చెప్పిన తరువాత నిజంగా తిట్టకండి.