117 గెలుపులు, 117 ఓటములు: ఈలై మ్యానింగ్‌పై తెగని తగువు

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఈలై మ్యానింగ్ పేరెత్తితే చాలు, కాసేపట్లో గొంతులు పెరుగుతాయి. న్యూయార్క్ జెయింట్స్‌కు పదహారు సీజన్లు ఆడిన క్వార్టర్‌బ్యాక్ ఇతను. ఒక వర్గం రెండు సూపర్‌బౌల్ ట్రోఫీలు చూపిస్తుంది. రెండో వర్గం ఒకే ఒక్క లెక్క చూపిస్తుంది: 117-117. లీగ్ మ్యాచ్‌లు ఎన్ని గెలిచాడో సరిగ్గా అన్నే ఓడాడు. మామూలు ఆటగాడని ముద్ర కొట్టడానికి ఇంతకన్నా అందమైన అంకె ఇంకెక్కడ దొరుకుతుంది? 2020 జనవరిలో రిటైరైన ఈలై హాల్ ఆఫ్ ఫేమ్‌కు తొలిసారి అర్హుడైంది 2025లో. ఓటర్లలో 80 శాతం ఒప్పుకోవాలి, ఒప్పుకోలేదు. అప్పటినుంచీ తగువు మరింత ముదిరింది.

అసలు ఆ అంకె అంత సమంగా ఎలా కుదిరిందో చూస్తే దాని మీద భక్తి కొంత తగ్గుతుంది. 2019లో రెండు మ్యాచ్‌లు ఓడగానే ఈలైని పక్కన కూర్చోబెట్టి కుర్రాడు డేనియల్ జోన్స్‌ను దింపారు. డిసెంబర్‌లో జోన్స్ చీలమండ బెణికితే మళ్లీ ఈలైని పిలిచారు. ఫిలడెల్ఫియాలో ఓటమి, తర్వాత డిసెంబర్ 15న మయామీపై 36-20తో గెలుపు. అదే అతని ఆఖరి మ్యాచ్. ఆ రోజు మూడు పాస్‌లు ప్రత్యర్థుల చేతిలో పెట్టాడు, అయినా గెలుపు అతని ఖాతాలో పడింది. 2015 నవంబర్ 1న న్యూ ఆర్లీన్స్‌లో ఆరు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, ఒక్కటీ ప్రత్యర్థికి చిక్కలేదు. 49 పాయింట్లు సాధించిన ఆ జట్టు 52-49తో ఓడింది, ఆ ఓటమీ అతని ఖాతాలోనే పడింది. 2010 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియాపై నాలుగు టచ్‌డౌన్ పాస్‌లిచ్చి 31-10 ఆధిక్యం తెచ్చిపెట్టాడు. చివరి ఎనిమిది నిమిషాల్లో అదంతా కరిగిపోయి, ఆఖరి క్షణాల్లో పంట్‌ను (జెయింట్స్ కాలితో తన్ని వదిలిన బంతిని) వెనక్కి పరుగెత్తించిన డిషాన్ జాక్సన్ చేతిలో 38-31తో జట్టు ఓడింది. ఆ పంట్ ఆడుతున్నప్పుడు ఈలై మైదానంలో లేనే లేడు. క్రికెట్‌లో మ్యాచ్ పోతే బ్యాటర్ పేరున ఓటమి రాయరు. ఈ ఆటలో మాత్రం 53 మంది జట్టు చేసిన పనంతా ఒక్కడి పేరున జమకడతారు. బంతి ప్రతిసారీ మొదట అతని చేతికే వస్తుంది గనక ఈ అలవాటు పుట్టి ఉంటుంది. అలవాటైనంత మాత్రాన అది కొలమానం కాదు.

దీనికి గట్టి ఎదురు ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటవేయడం కుదరదు. ఓటములు అతనివి కావంటే గెలుపులు మాత్రం అతనివెలా అవుతాయి? రెండు ట్రోఫీలు కూడా జట్టువే కదా? నిజమే. ట్రోఫీల సంఖ్య చెప్పి వాదన ముగించే ఈలై అభిమానులు, 117-117 చెప్పి ముగించే విమర్శకులు చేసే తప్పే చేస్తున్నారు. ట్రోఫీలూ వద్దు, ఓటములూ వద్దు. అతను బంతితో ఏం చేశాడో చూద్దాం.

2008 ఫిబ్రవరి 3, అరిజోనాలోని గ్లెన్‌డేల్. ఎదురుగా ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లూ గెలిచి, ఒక్క అడుగు దూరంలో చరిత్ర కోసం నిలబడ్డ న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్. లీగ్ మ్యాచ్‌ల్లో 589 పాయింట్లు కొట్టిన ఆ జట్టును జెయింట్స్ రక్షణ శ్రేణి 14 దగ్గర ఆపింది, టామ్ బ్రేడీని అయిదుసార్లు కింద పడేసింది. ఆ గెలుపులో సగం పైన వాటా ఆ రక్షణ శ్రేణిదే. మిగిలిన వాటా ఆఖరి నిమిషాల్లో ఉంది. 14-10తో వెనకబడి, గడియారంలో నిమిషం పదిహేను సెకన్లు. మూడో ప్రయత్నం, ఇంకా అయిదు గజాలు రావాలి. ఇద్దరు పేట్రియాట్స్ ఆటగాళ్లు ఈలై జెర్సీని వెనక నుంచి పట్టి లాగేశారు. ఎలా విడిపించుకున్నాడో గానీ, గుంపులోంచి వెనక్కి తూలి బయటపడి, మధ్యలోకి గురిచూసి ఎత్తుగా విసిరాడు. ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌లన్నింట్లో కలిపి నాలుగే క్యాచ్‌లు పట్టిన డేవిడ్ టైరీ గాల్లోకి లేచి బంతిని ఒంటిచేత్తో తన హెల్మెట్‌కు అదిమి పెట్టుకున్నాడు. రాడ్నీ హారిసన్ ఆ చేతిని లాగుతూనే ఉన్నాడు, ఇద్దరూ కిందపడ్డారు, బంతి మాత్రం నేలను తాకలేదు. 32 గజాలు. కాసేపటికే ప్లాక్సికో బరెస్‌కు టచ్‌డౌన్, మిగిలింది 35 సెకన్లు. 17-14.

ఇది గాలివాటం గెలుపని విమర్శకులు అంటారు. టైరీ క్యాచ్ గాలివాటమే. దాని ముందరి ప్రయత్నంలోనే ఈలై విసిరిన బంతి పేట్రియాట్స్ ఆటగాడు అసాంటే శామ్యూల్ వేళ్లను తాకి జారిపోయింది, చిక్కి ఉంటే కథ అక్కడితో సరి. ఈ ఒక్క రాత్రి మీదే అతని కీర్తి నిలబడి ఉంటే విమర్శకుల పక్షానే నిలవాల్సి వచ్చేది. కానీ నాలుగేళ్ల తర్వాత ఇంకో సీజన్ ఉంది, నా దృష్టిలో కేసంతా దాని మీదే నడవాలి.

2011 జెయింట్స్ చాలా లొసుగులున్న జట్టు. పదహారు మ్యాచ్‌ల్లో తొమ్మిదే గెలిచింది. కొట్టిన పాయింట్లు 394, ఇచ్చుకున్నవి 400. కొట్టినదానికన్నా ఎక్కువ ఇచ్చుకుని సూపర్‌బౌల్ గెలిచిన జట్టు అంతకుముందు ఒక్కటీ లేదు. బంతి పట్టుకుని పరుగెత్తి సంపాదించిన గజాల్లో లీగ్ మొత్తంలో అట్టడుగు స్థానం. 2007 సీజన్‌లో కాపాడిన రక్షణ శ్రేణి ఈసారి చిల్లులు పడ్డ గొడుగు. ఇక మిగిలింది ఈలై చెయ్యి. ఆ ఏడాది 4,933 గజాలు విసిరాడు, నాలుగో క్వార్టర్‌లోనే 15 టచ్‌డౌన్ పాస్‌లు, అది లీగ్ రికార్డు. నాకౌట్ దశ నాలుగు మ్యాచ్‌ల్లో తొమ్మిది టచ్‌డౌన్ పాస్‌లు, ప్రత్యర్థికి చిక్కింది ఒకే ఒక్కటి. శాన్ ఫ్రాన్సిస్కోలో వానలో, బురదలో, లీగ్‌లోని అత్యుత్తమ రక్షణ శ్రేణుల్లో ఒకదాని ఎదుట 58 సార్లు పాస్ చేశాడు, ఆరుసార్లు నేలకరిచాడు, ఓవర్‌టైమ్‌లో జట్టు 20-17తో బయటపడింది. అక్కడా ప్రత్యర్థి పంట్ రిటర్నర్ రెండుసార్లు బంతి వదిలి సాయపడ్డాడు, ఆ మాటా చెప్పుకోవాలి. ఇండియానాపోలిస్‌లో ఫైనల్, మళ్లీ పేట్రియాట్సే. నాలుగు నిమిషాలు కూడా లేని గడియారం, 17-15తో వెనకబాటు, సొంత గోల్ వైపు 12 గజాల గీత. మొదటి బంతినే ఎడమ గీత వెంట, ఇద్దరు రక్షకుల మధ్య ఉన్న కాస్త సందులోంచి 38 గజాలు విసిరి మారియో మ్యానింగమ్ చేతుల్లో పెట్టాడు. పేట్రియాట్స్ కోచ్ రివ్యూ అడిగాడు, నిర్ణయం మారలేదు. 40 పాస్‌లకు 30 చేరాయి, స్కోరు 21-17. హెల్మెట్‌కు అంటుకున్న బంతిని అదృష్టం అనొచ్చు, ఈ పాస్‌ను అనలేం.

వీవీఎస్ లక్ష్మణ్‌ను గుర్తుచేసుకుంటే తెలుగు పాఠకులకు ఈ తగువు కొత్తగా అనిపించదు. 134 టెస్టుల్లో 45.97 సగటు మంచిదే, కానీ ఆ కాలపు మహామహుల పక్కన పెడితే అదేమంత మెరుపు కాదు. ఆఖరి ఆస్ట్రేలియా పర్యటనలో నాలుగు టెస్టుల్లో కలిపి 155 పరుగులు చేశాడు, సాగనంపాలన్న డిమాండ్లు గట్టిగానే వినిపించాయి. ఆ డిమాండ్లు చేసినవాళ్లలో ఎవరైనా, వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాపై 2001లో ఫాలోఆన్ ఆడుతూ అతను ఈడెన్‌లో చేసిన 281 విలువ తగ్గిందన్నారా? జట్టులో చోటు ఉండాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, క్రికెట్‌కు ఏం మిగిల్చాడన్నది ఇంకో ప్రశ్న. హైదరాబాద్ క్రికెట్ అభిమానికి ఈ తేడా ఎవరూ నేర్పలేదు.

న్యూయార్క్‌లో మాత్రం రెంటినీ ఒకే గాటన కట్టారు. 117-117ను మధ్యకు విరిచి చూడండి. 2011 ముగిసేసరికి ఈలై లెక్క 69-50. ఆ తర్వాత 48-67. అప్పటికి అతనికి 31 ఏళ్లు, కాళ్లలో వేగం ఎప్పుడూ పెద్దగా లేదు, ముందు నిలిచి కాపాడే లైన్ ఏటికేడు బలహీనపడింది. 2013లో 27 పాస్‌లు ప్రత్యర్థుల పాలయ్యాయి. ఆ తప్పుల్లో అతని వాటా చాలానే ఉంది, ఇంటర్‌సెప్షన్లలో లీగ్‌లో మొదటి స్థానానికి మూడు సీజన్లలో చేరినవాడికి సాకులు వెతకనక్కర్లేదు. కానీ 2015లో 35 టచ్‌డౌన్ పాస్‌లిచ్చిన ఏడాది కూడా జట్టు 6-10తో ముగించిందంటే రోగం ఒక్కచోటే లేదని తెలుస్తుంది. ఈ రెండో సగాన్ని ఎనిమిదేళ్లు సాగనిచ్చింది యాజమాన్యం. 2015లో నాలుగేళ్లకు 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది వాళ్లే.

2017 నవంబర్‌లో ఈ గందరగోళం బట్టబయలైంది. జట్టు 2-9తో కూలబడి ఉంది, కొత్తవాళ్లను పరీక్షించాలనుకోవడంలో తప్పులేదు. కానీ కోచ్ బెన్ మెకడూ ముందుకు తెచ్చిన ప్రతిపాదన చూడండి: వరసగా 210 మ్యాచ్‌లు మొదటినుంచి ఆడిన రికార్డు తెగకుండా నువ్వే మొదలుపెట్టు, సగం ఆట కాగానే జీనో స్మిత్‌ను దింపుతాం. గౌరవానికి ఒక ముక్క, అవసరానికి ఒక ముక్క. ఈలై వద్దన్నాడు. రికార్డు కోసం ఆడటం ఆట కాదన్నది అతని ఉద్దేశం, విలేకరుల ముందు కళ్లలో నీళ్లు ఆగలేదు. అభిమానుల కోపం కట్టలు తెంచుకుంది. డిసెంబర్ 3న ఓక్లండ్‌లో ఓడారు, మర్నాడే కోచ్‌నూ జనరల్ మేనేజర్ జెర్రీ రీస్‌నూ ఇంటికి పంపారు, ఈలై మళ్లీ మైదానంలోకి వచ్చాడు. ఆటగాడిపై ప్రేమ జట్టు విధానంగా మారిన క్షణం అదే. 2018 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) రెండో ఎంపిక చేతిలో ఉన్నా వారసుడైన క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకోలేదు, రన్నింగ్‌బ్యాక్ సాక్వాన్ బార్క్‌లీని తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో జోష్ అలెన్ ఏడో స్థానంలో, లామర్ జాక్సన్ 32వ స్థానంలో వెళ్లారు, ఇద్దరూ తర్వాత లీగ్ ఎమ్‌వీపీ (అత్యుత్తమ ఆటగాడి) బహుమతి అందుకున్నారు. (బార్క్‌లీ కూడా గొప్పగా ఆడాడు, 2024లో రెండువేల గజాలు దాటి సూపర్‌బౌల్ గెలిచాడు, కాకపోతే ఫిలడెల్ఫియాకు.) పాత కీర్తిని ఈనాటి విలువగా లెక్కగట్టి క్లబ్బు నష్టపోయింది. ఈనాటి నష్టాన్ని పాత కీర్తిలోంచి కోసి విమర్శకులు 117-117 రాశారు. తప్పు ఒకటే, వైపులు వేరు.

ఇక హాల్ ఆఫ్ ఫేమ్ మాట. ఈలైకి తన కాలంలో బ్రేడీ, అన్న పేటన్, డ్రూ బ్రీస్, ఏరన్ రాడ్జర్స్ వరసలో ఏ సీజన్‌లోనూ స్థానం లేదన్నది ఒప్పుకోవాల్సిందే. ఒక్కసారి కూడా ఆల్-ప్రో మొదటి జట్టులో లేడు. రెండు అద్భుతమైన సీజన్లు తీసేస్తే నాకౌట్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడి నాలుగూ ఓడాడు. ఇది బలమైన అభ్యంతరం, దీన్ని 57,023 గజాల మొత్తం కెరీర్ అంకె కప్పిపుచ్చలేదు. 2004లో శాన్ డియేగోకు ఆడనని మొండికేసినప్పుడు అతని బదులు వెళ్లిన ఫిలిప్ రివర్స్ 2020 సీజన్ దాకా 134 మ్యాచ్‌లు గెలిచి, 421 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఏటేటా ఆడే ఆట చూస్తే రివర్స్ మెరుగని వాదించడానికి అన్ని ఆధారాలూ ఉన్నాయి. అయినా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇదివరకే జో నేమత్ ఉన్నాడు: 173 టచ్‌డౌన్ పాస్‌లు, 220 ఇంటర్‌సెప్షన్లు. అతన్ని అక్కడ కూర్చోబెట్టింది సగటు కాదు, 1969 జనవరిలో బాల్టిమోర్‌పై 16-7తో గెలిచి ఆట చరిత్ర దారి మార్చిన మ్యాచ్. సూపర్‌బౌల్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఒకటికన్నా ఎక్కువసార్లు గెలుచుకున్న క్వార్టర్‌బ్యాక్‌లలో బార్ట్ స్టార్, టెరీ బ్రాడ్‌షా, జో మోంటానా ఎప్పుడో చేరిపోయారు. ఈలైకీ ఆ బహుమతి రెండుసార్లు వచ్చింది.

అలాగైతే జిమ్ ప్లంకెట్ సంగతేమిటని అడుగుతారు, సరైన ప్రశ్నే. రెయిడర్స్ తరఫున రెండు సూపర్‌బౌల్‌లు గెలిచాడు, కెరీర్ లెక్క 72-72, ఇప్పటికీ బయటే ఉన్నాడు. ఈలైని లోపలికి పిలిస్తే ప్లంకెట్ ఫైలూ మళ్లీ తెరవాలి, తెరిస్తే తెరవనివ్వండి. ఒకరికి జరిగిన అన్యాయాన్ని ఇంకొకరికి కొలబద్దగా పెట్టడం ఏ న్యాయం? ప్లంకెట్ రెండో ఫైనల్‌లో బహుమతి మార్కస్ ఆలెన్‌కు పోయింది, కాబట్టి ఇద్దరి కేసులూ ఒకటి కావు, అది వేరే చర్చ.

2021 సెప్టెంబర్ 26న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో ఈలై పదో నంబర్ జెర్సీకి జట్టు శాశ్వతంగా సెలవిచ్చింది. విరామంలో యజమాని జాన్ మారా మైకు అందుకోగానే గ్యాలరీలన్నీ ఈసడింపులతో దద్దరిల్లాయి. ఈలై పేరు వినగానే అదే గ్యాలరీలు చప్పట్లు కొట్టాయి. జెయింట్స్ ఆ మధ్యాహ్నం అట్లాంటా చేతిలో 17-14తో ఓడి 0-3కు చేరారు. ఎవరి పద్దు ఎవరిదో అప్పటికే అభిమానులు విడదీసుకున్నారు, ఓటర్లు ఇంకా కలిపే చదువుతున్నారు.