లినక్స్‌లో నెట్‌వర్క్ అమరిక దోషాలు, కెర్నెల్ పానిక్

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కంప్యూటరును నెట్‌వర్కుతో కలిపే ద్వారాన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అంటారు. దీని అమరికలో దోషముంటే కంప్యూటరు పనిచేస్తూనే ఉంటుంది, సంబంధం మాత్రం తెగిపోతుంది. వ్యవస్థకు కేంద్రమైన కెర్నెల్, తాను కోలుకోలేని దోషాన్ని గుర్తించి పూర్తిగా ఆగిపోవడాన్ని కెర్నెల్ పానిక్ అంటారు. సర్వరు వేరే గదిలో ఉంటే వాడుకరికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆదిలాబాదు, కరీంనగర్ ప్రాంతాలలోని ఒక మారుమూల పాఠశాలలో సర్వరు ఆగితే, పట్టణం నుండి నిపుణుడు వచ్చేవరకు కంప్యూటరు పాఠాలు నిలిచిపోతాయి. కనుక ఏది జరిగిందో ముందుగా తేల్చుకోవడం అవసరం.

భేదం గుర్తించడం

సర్వరు వద్ద కీబోర్డుపై టైపు చేసిన అక్షరాలు తెరపై కనిపిస్తే కెర్నెల్ పనిచేస్తున్నట్లే. పానిక్ అయితే తెర కదలదు. తరచుగా దానిపై "కెర్నెల్ పానిక్" అనే సందేశం ఉంటుంది. కొన్ని కీబోర్డులలో దీపాలు ఆగకుండా మినుకుమంటాయి.

అమరిక దోషాలు

పరీక్షను కింది పొర నుండి పైకి జరపాలి.
* "ఐపీ లింక్" ఆదేశం "నో క్యారియర్" అని చూపితే లోపం తీగలోగాని, స్విచ్‌లోగాని ఉన్నట్లు.
* "ఐపీ అడ్రస్" ఆదేశంలో చిరునామా లేకపోయినా, అది 169.254తో మొదలైనా, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వరు నుండి జవాబు రాలేదని సాధారణంగా అర్థం.
* "ఐపీ రూట్" ఆదేశంలో "డిఫాల్ట్" వరుస లేకపోతే స్థానిక నెట్‌వర్కు దాటి బయటకు దారి లేదు.
* సంఖ్యా చిరునామాకు పింగ్ చేరి, పేరుకు చేరకపోతే దోషం డీఎన్ఎస్ అమరికలో ఉంది.

ఇంటర్‌ఫేస్ పేరు మారడం మరొక కారణం. పూర్వం "ఈత్0" వంటి పేర్లు ఉండేవి. 2013లో వెలువడిన సిస్టమ్‌డీ 197 నుండి, కార్డు అమర్చిన స్థానాన్ని బట్టి "ఈఎన్‌పీ3ఎస్0" వంటి పేర్లు వాడుకలోకి వచ్చాయి. ఇందులో 3 అనేది పీసీఐ బస్సు సంఖ్య. కొత్త కార్డు చేర్చినప్పుడు ఈ సంఖ్య మారవచ్చు. అప్పుడు అమరిక ఫైలులోని పాత పేరుతో ఏ ఇంటర్‌ఫేసూ ఉండదు.

కెర్నెల్ పానిక్

డ్రైవరు దోషం, చెడిన మెమరీ, మూల ఫైలు వ్యవస్థ తెరుచుకోకపోవడం దీనికి ముఖ్య కారణాలు. దీనికంటే స్వల్పమైన దోషాన్ని "ఊప్స్" అంటారు. ఊప్స్ తరువాత వ్యవస్థ కొనసాగవచ్చు గాని, దానిని నమ్మరాదు.

పానిక్ సమయంలో చివరి సందేశాలు డిస్కుకు చేరకపోవచ్చు. కాబట్టి యంత్రాన్ని ఆపడానికి ముందే తెరను ఫొటో తీయాలి. దూరాన ఉన్న నిపుణునికి అదే ఆధారం. 2005లో లినక్స్ 2.6.13తో వచ్చిన కేడంప్, ముందుగా అమర్చి ఉంచితే, పానిక్ సమయంలోని మెమరీని భద్రపరుస్తుంది. కొత్త కెర్నెల్ స్థాపించిన తరువాత పానిక్ మొదలైతే, గ్రబ్ పట్టిక నుండి పాత కెర్నెల్‌ను ఎంచుకోవచ్చు.

రెండూ కలిసిన సందర్భం

సాధారణంగా అమరిక పొరపాటు వలన కెర్నెల్ ఆగదు. అయితే నెట్‌వర్కు నుండి వచ్చే డేటాను కెర్నెలే స్వీకరిస్తుంది కనుక, అందులోని లోపం పానిక్‌కు దారితీయవచ్చు. 2019 జూన్‌లో బయటపడిన "శాక్ పానిక్" లోపం వలన, ప్రత్యేకంగా కూర్చిన టీసీపీ ప్యాకెట్లను దూరం నుండి పంపి లినక్స్ సర్వరును ఆపడం సాధ్యమైంది. ఇది 2.6.29 నుండి ఉన్న కెర్నెళ్ళకు వర్తించింది. సవరించిన కెర్నెల్ స్థాపించడమే దీనికి శాశ్వత పరిష్కారం.