కన్నడ అక్షరాల్లో తెలుగు పద్యం

మా బడిలో నెలకోసారి, శనివారం ఒంటిపూట బడి అయ్యాక, పద్యాల కూటమి పెట్టుకుంటాం. మైకు ఉండదు, వేదిక ఉండదు. వరండాలో చాపలు పరుచుకుని కూర్చుంటాం. పిల్లలే కాదు, తల్లిదండ్రులు, వీధిలో పద్యం వచ్చిన పెద్దలు ఎవరైనా రావచ్చు. ఆమధ్య ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చింది. మా బడి పిల్ల కాదు, కన్నడ మాధ్యమంలో చదువుతోంది. ఇంట్లో మాత్రం తెలుగే. కాగితం చూస్తూ ఒక తెలుగు పద్యం తప్పు లేకుండా చదివింది. ఆ కాగితం అందుకుని చూస్తే అంతా కన్నడ లిపే!

ఆ సాయంత్రం మాలో మాకే వాదన. ప్రతి జూన్‌లో ఇల్లిల్లూ తిరిగి "మీ పిల్లల్ని మా బడికి పంపండి" అని అడుక్కునేది మనమే, తెలుగు పద్యాన్ని కన్నడ లిపిలో చదవనిస్తే ఇక తెలుగు బడి ఎందుకని అడుగుతారు కదా అన్నాడొక తోటి ఉపాధ్యాయుడు. ఆయన భయం ఉత్తది కాదు. తరగతిలో ఏటేటా బెంచీలు ఖాళీ అవుతున్నాయి. కానీ ఆ పిల్లను వెనక్కి పంపితే ఆమెతోపాటు ఆ పద్యమూ వెళ్ళిపోతుంది. చివరికి రానిద్దామనే అనుకున్నాం.

అసలు పద్యమంటే పిల్లలకు బెదురు పుట్టించింది మేమే. ప్రతిపదార్థం, తాత్పర్యం, గురులఘువులు, మార్కులు. పద్యం చెవిన పడకముందే దాన్ని ముక్కలు చేసి బోర్డు మీద పెట్టేశాం. కూటమిని కూడా మొదట పోటీగానే పెట్టాం. ముగ్గురికి బహుమతులిచ్చాం. మిగతావాళ్ళు రెండోసారి రాలేదు. అప్పుడుగానీ మాకు బుద్ధి రాలేదు.

బళ్ళారికి ఈ అలవాటు కొత్తది కాదు. ఇక్కడి కోర్టులో వకాల్తా పుచ్చుకున్న ఇద్దరు ప్లీడర్లు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, తెలుగు నాటకాలు రాసి ఆడించారు. ధర్మవరం వారిది సరసవినోదిని సభ, కోలాచలం వారిది సుమనోరమ సభ. ఒకే ఊళ్ళో రెండు సభలు! ధర్మవరం వారి 'చిత్రనళీయం' 1880ల్లోనే రంగస్థలం మీదికి వచ్చింది. ఆయన మేనల్లుడే బళ్ళారి రాఘవ (1880-1946), ఆయనా ప్లీడరే. రాగం సాగదీసి పద్యం పాడితే భావం నలిగిపోతుందని రాఘవ గట్టిగా నమ్మారు. వన్స్‌మోర్ల కోసం పాడే కాలంలో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. మేమూ పిల్లలకు అదే చెబుతున్నాం: రాగం రాకపోతే పోనీ, ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పు చాలు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో కలిశాయి, బళ్ళారి మైసూరులో చేరింది. ఛందస్సుకు మాత్రం ఆ గీత పడలేదు. ఈ సంగతి మాకు బాగా తెలిసింది మా బడి కన్నడ మాస్టారు చాప మీద కూర్చున్న రోజే. ఉత్పలమాల గణాలు మేము "భ ర న భ భ ర వ" అని మొదలెట్టామో లేదో ఆయన అందుకుని పూర్తిచేశారు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, స్రగ్ధర, మహాస్రగ్ధర, ఈ ఆరింటినీ కన్నడంలో ఖ్యాత కర్ణాటక వృత్తాలంటారు. పంపడు వాడినవీ, నన్నయ వాడినవీ ఇవే. కందం ఇద్దరిదీ. రెండో అక్షరం ప్రాస ఇద్దరికీ ఉంది. తేడా యతి దగ్గర. ఉత్పలమాలలో పదో అక్షరం మొదటి అక్షరంతో స్నేహంగా ఉండాలని మనకు నియమం. వారికి ఆ కట్టుబాటు లేదు. "మీరే కష్టం కొనితెచ్చుకున్నారు" అని ఆయన నవ్వారు. పిల్లలకు ఆ రోజు యతి అర్థమైనంతగా మా పాఠంతో ఎన్నడూ కాలేదు.

తల్లిదండ్రులు కొందరు "మాకు చదువు రాదు సార్, మేమొచ్చి ఏం చేస్తాం" అంటారు. జీన్స్ కుట్టే యూనిట్‌లో పనిచేసే ఒక తల్లి అట్లాగే మొహమాటపడుతూ తన అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. ఆ అవ్వకు అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు ఊళ్ళో రాత్రంతా ఆడిన నాటకాల్లో కృష్ణుడి పద్యాలు విని నేర్చుకుందట. వరసగా నాలుగు చెప్పింది. మేము పుస్తకం తెరిచి సరిచూస్తుంటే, ఒకచోట మేమే తప్పు చదివామని ఆమె ఆపింది. అందుకే ఇంట్లో అవ్వో తాతో ఉంటే పిల్లవాడితో పాటు పంపండి. అన్నం తినేటప్పుడు ఒక్క పద్యం చెప్పించుకోండి, అర్థం అడగకండి. కన్నడ బడిలో చదివే పిల్లలున్నా పంపండి. తెలుగు అక్షరాలు రావాలన్న నియమం లేదు.

ఆనాడు వాదించిన మా తోటి ఉపాధ్యాయుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ ప్రతి కూటమికీ వస్తాడు. ఆ అమ్మాయి పక్కన కూర్చుని, ఆమె కన్నడంలో రాసుకున్న ఒక్కో పాదం కిందా అదే పాదం తెలుగులో రాసిస్తాడు.